గోదావరి మొగల బురదలో సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవుల ఎంజైములు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోరంగి మడ అడవిలోని ఏ కాలువ గట్టునైనా, యానాం దిగువన గౌతమి ఒడ్డునైనా, ఓడలరేవు దగ్గర వైనతేయ మొగలోనైనా ఆటు సమయంలో అడుగు పెడితే కాలు మోకాలి దాకా నల్లటి బురదలో దిగిపోతుంది. ఆ బురదలో సూక్ష్మజీవులు, పెద్ద అణువులను తెంపే ఎంజైములనే మాంసకృత్తులతో రాత్రింబవళ్ళు చేసే పని గురించి కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, రొయ్యల రైతులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులిచ్చాను. కొన్నిటికి నాలుగు మాటలు సరిపోయాయి, కొన్నిటికి చాలా చెప్పవలసి వచ్చింది.

బురదలోని సేంద్రియ పదార్థం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకప్పుడు ప్రాణమున్న దేహాల నుంచి వచ్చిన, కర్బనంతో కూడిన పదార్థమంతా సేంద్రియ పదార్థమే. గోదావరి మొగల్లోకి అది నాలుగు దారుల్లో చేరుతుంది. మొదటి దారి నది. 1,465 కిలోమీటర్లు ప్రవహించి, 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహక ప్రాంతంలోని నేలలను కడిగి తెచ్చే గోదావరి, వానాకాలంలో ఎర్రనీరు దిగగానే ఆకులూ అలములతో పాటు, బంకమట్టి రేణువులకు అంటుకుని కంటికి కనిపించకుండా ప్రయాణం చేసే పాత సేంద్రియ పదార్థాన్ని కూడా మోసుకొస్తుంది. రెండోది మడ అడవి. నల్లమడ, తెల్లమడ, పొన్న, తిల్ల చెట్ల నుంచి రాలే ఆకులూ బెరడూ అందరికీ కనిపిస్తాయి గానీ, బురదలోనే పుట్టి బురదలోనే చచ్చిపోయే సన్నని వేళ్ళ వాటా తక్కువేమీ కాదు. మూడోది నీటిలోనూ బురద మీదా పెరిగే శైవలాలు. ఆటు సమయంలో ఎండ పడినప్పుడు బురద మీద బంగారు గోధుమ రంగులో మెరిసే పలుచటి పొర డయాటమ్‌లనే ఏకకణ శైవలాలతో ఏర్పడినదే. నాలుగోది మనం పంపేది: ఊళ్ళ మురుగు, వరి చేల నుంచి మురుగు కాలువల్లోకి దిగే నీరు, రొయ్యల చెరువుల అడుగు మట్టి.

సూక్ష్మజీవుల దృష్టిలో ఈ నాలుగూ ఒకే రకం తిండి కావు. డయాటమ్ చచ్చిన కొద్ది రోజుల్లోనే చాలావరకు ఖర్చయిపోతుంది. మడ వేరుకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. నది తెచ్చిన పాత మట్టికి అంటుకున్న పదార్థంలో, తినదగిన భాగాన్ని దారిలోనే ఎవరో తినేసి ఉంటారు. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే తరువాతి జవాబులు సులువుగా అర్థమవుతాయి.

ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది?

కర్బనానికీ నత్రజనికీ ఉన్న నిష్పత్తి మొదటి ఆనవాలు. సముద్ర శైవలాలలో ఒక నత్రజని పరమాణువుకు సుమారు 6.6 కర్బన పరమాణువులుంటాయి. ఆకులు, కలప, గడ్డి వంటి నేల మొక్కల పదార్థంలో ఈ సంఖ్య సాధారణంగా 20 దాటుతుంది. రెండో ఆనవాలు కార్బన్-13 ఐసోటోపు, అంటే మామూలు కర్బనం కంటే కాస్త బరువైన కర్బన రకం. ప్రమాణ పదార్థంతో పోల్చి వెయ్యికి ఇంత తేడా అని చెప్పే కొలతలో మడ చెట్లు, వరి వంటి మొక్కలు మైనస్ 27 దగ్గర, సముద్ర ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మ జీవులు) మైనస్ 20 నుంచి మైనస్ 22 మధ్య, జొన్న, చెరకు వంటివి మైనస్ 13 దగ్గర కనిపిస్తాయి. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. గోదావరి ఎగువన జొన్న చేలూ గడ్డి నేలలూ ఉన్నాయి, డెల్టాలో వరీ చెరకూ ఉన్నాయి. జొన్న కర్బనమూ వరి కర్బనమూ కలిస్తే ఆ సగటు సముద్ర ప్లవకాల అంకెలాగే కనిపించవచ్చు. అందువల్ల ఐసోటోపు అంకె ఒక్కదాన్నే నమ్మి మూలాన్ని నిర్ణయించడం గోదావరి విషయంలో తొందరపాటే అవుతుంది.

సూక్ష్మజీవులు ఎంజైములను కణం బయటికి ఎందుకు వదులుతాయి?

వడ్లను దంచి బియ్యం చేయకుండా ఎవరూ వండుకోలేరు. బ్యాక్టీరియాకు ఆ దంపుడు పని ఇంటి బయటే జరగాలి, ఎందుకంటే దానికి నోరు లేదు. దాని కణ పొరలోని రంధ్రాల గుండా సుమారు 600 డాల్టన్ల (అణువు బరువుకు కొలమానం) కంటే పెద్ద అణువులు సాధారణంగా లోపలికి రాలేవు. బురదలో దొరికే సెల్యులోజ్, మాంసకృత్తులు, పీతల రొయ్యల పెంకుల్లోని కైటిన్ వంటివి అంతకు ఎన్నో రెట్లు పెద్దవి. అందుకని బ్యాక్టీరియా తన శక్తినీ నత్రజనినీ ఖర్చుపెట్టి ఎంజైములను తయారుచేసి బయటికి పంపుతుంది, లేదా తన పొర మీదే నిలుపుతుంది. అవి పెద్ద అణువులను ముక్కలు చేస్తే, ఆ ముక్కలను అది లోపలికి తీసుకుంటుంది. మొత్తం కుళ్ళే ప్రక్రియ వేగాన్ని చాలాసార్లు ఈ మొదటి మెట్టే నిర్ణయిస్తుంది కనుక, దాన్ని కొలిస్తే బురద ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది.

బయటికి వెళ్ళిన ఎంజైము ఒక్కొక్కసారి దాన్ని తయారుచేసిన బ్యాక్టీరియా చచ్చిన తరువాత కూడా బంకమట్టికి అంటుకుని పనిచేస్తూనే ఉంటుంది. ఈ రోజు కొలిచే చర్యలో కొంత, నిన్నటి జీవులు వదిలి వెళ్ళినదే.

సాధారణంగా ఏ ఎంజైములను కొలుస్తారు?

ఒక్కో ఎంజైము ఒక్కో రకం తిండికి గుర్తు. సెల్యులోజ్ తెగే దారిలో చివరి మెట్టున గ్లూకోజ్‌ను విడదీసేది బీటా గ్లూకోసిడేజ్. మాంసకృత్తుల కొసల నుంచి ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని తెంపేది లూసిన్ అమైనో పెప్టిడేజ్. సేంద్రియ పదార్థంలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. కైటిన్ ముక్కలను కోసేవి, సల్ఫేట్ గుంపులను ఊడదీసే ఆరిల్ సల్ఫటేజ్, యూరియాను విడగొట్టే యూరియేజ్ కూడా ముఖ్యమైనవే. డీహైడ్రోజినేజ్ వీటికి భిన్నమైనది. అది బతికున్న కణాల లోపలే పనిచేస్తుంది కనుక, మొత్తం సూక్ష్మజీవుల శ్వాసక్రియ ఎంత జోరుగా ఉందో చెప్పే గుర్తుగా దాన్ని వాడతారు.

బురద ఎందుకు నల్లగా ఉంటుంది? కుళ్ళిన గుడ్ల వాసన ఎందుకు వస్తుంది?

కాలువ గట్టున రెండంగుళాల పీవీసీ గొట్టాన్ని నిదానంగా బురదలోకి దించి, పైన మూత బిగించి, పైకి లాగి చూడండి. మట్టి కడ్డీని నీడలో బయటికి నెట్టినప్పుడు పైభాగాన గోరు మందాన లేత గోధుమ రంగు పొర కనిపిస్తుంది. దాని కింద రంగు బూడిదలోకి మారి, ఆ తరువాత కాటుక నలుపులోకి దిగుతుంది. మధ్యమధ్యలో ఎక్కడైనా మడ వేరు తగిలితే దాని చుట్టూ తుప్పు రంగు వలయం ఉంటుంది. ఈ రంగులే బురద రాసుకున్న దినచర్య అనుకోవచ్చు.

గాలిలోని ఆక్సిజన్ మెత్తని బురదలోకి కొద్ది మిల్లీమీటర్ల లోతుకే చేరుతుంది, ఎందుకంటే పైపొరలోని జీవులే దాన్ని వాడేస్తాయి. అంతకు కింద ఉన్న బ్యాక్టీరియా వరుసగా నైట్రేట్‌ను, మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లను, చివరికి సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను ఆక్సిజన్‌కు బదులుగా వాడుకుంటాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. నైట్రేట్‌తో పోలిస్తే ఇది తరగని గాదె. సల్ఫేట్‌ను వాడుకున్న బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది, కుళ్ళిన గుడ్ల వాసన దానిదే. ఆ సల్ఫైడ్ బురదలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారుతుంది, నలుపు దానిదే. గోధుమ రంగు, తుప్పు రంగు అంటే ఇనుము ఇంకా ఆక్సిజన్‌తో జతగా ఉన్న చోటు.

చేతికి అంటిన నల్ల బురదను కడుక్కోకుండా కాసేపు గాలికి వదిలితే అది మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఐరన్ సల్ఫైడ్ మన కళ్ళ ముందే ఆక్సిజన్‌తో కలుస్తోందన్న మాట. విద్యార్థులకు ఈ ఒక్కటి చూపిస్తే పాఠం సగం పూర్తయినట్టే.

ఈ వాసనను చాలామంది మురికికి గుర్తుగా తీసుకుంటారు. మడ అడవిలో, ఊరి మురుగు సోకని కాలువలో కూడా ఇదే వాసన వస్తుంది. అక్కడ అది బురద తన పని తాను చేసుకుంటోందన్న గుర్తే తప్ప కాలుష్యపు గుర్తు కాదు.

ఆక్సిజన్ లేని లోతుల్లో ఎంజైముల పని ఆగిపోతుందా?

ఆగదు. సెల్యులోజ్‌ను, మాంసకృత్తులను, ఫాస్ఫేట్ ఎస్టర్లను తెంపడానికి నీరు చాలు, ఆక్సిజన్ అక్కరలేదు. అందుకే పైన చెప్పిన జలవిశ్లేషక ఎంజైములు నల్ల పొరలోనూ పనిచేస్తాయి. సముద్ర తీరపు అవక్షేపాల్లో కుళ్ళే కర్బనంలో దాదాపు సగం సల్ఫేట్ దారిలోనే పూర్తవుతుందన్నది ఈ శాస్త్రంలో చాలాకాలంగా స్థిరపడిన అంచనా. లిగ్నిన్ సంగతి వేరు. దాన్ని విడగొట్టే ఫినాల్ ఆక్సిడేజ్ వంటి ఎంజైములకు ఆక్సిజన్ తప్పనిసరి. మడ అడవి నేలలో వేళ్ళు, కలప తునకలు ఏళ్ళ తరబడి ఆకారం చెడకుండా ఉండిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉంటే ఎంజైముల చర్య కూడా ఎక్కువగా ఉంటుందా?

చాలాచోట్ల ఉంటుంది, కానీ నియమంగా ఉండదు. నన్ను అడిగితే ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. బురదలో తిండి ఎంత ఉందన్నది ఒక లెక్క, అందులో సూక్ష్మజీవుల చేతికి ఎంత అందుతుందన్నది మరో లెక్క.

గోదావరి ఒండ్రులో చాలా భాగం దక్కన్ పీఠభూమిలోని నల్లరేగడి నేలల నుంచి వచ్చినది. ఆ నేలల్లో స్మెక్టైట్ జాతి బంకమట్టి ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఆ మట్టికి అపారమైన ఉపరితలం ఉంటుంది. సేంద్రియ అణువులు ఆ ఉపరితలానికి అతుక్కుపోతాయి, దాని సన్నని సందుల్లోకి దూరిపోతాయి. ఆ సందులు ఎంజైము పట్టలేనంత ఇరుకైనవైతే, లోపలి అణువు తిండే అయినా గాదెలో తాళం వేసిన ధాన్యం లాంటిది. ఇనుము కూడా ఇలాంటి తాళమే వేస్తుంది. ప్రపంచంలోని అవక్షేపాల సేంద్రియ కర్బనంలో దాదాపు ఐదో వంతు చురుకైన ఇనుము ఆక్సైడ్లతో ముడిపడి ఉంటుందని 2012లో వెలువడిన ఒక అంచనా చెప్పింది. అంతే కాక బంకమట్టి ఎంజైములను కూడా పట్టుకుంటుంది. అలా పట్టుబడిన ఎంజైము ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ దాని వేగం సాధారణంగా తగ్గుతుంది.

హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలలను అడ్డుకోవడం వల్ల కాకినాడ అఖాతంలో నీరు నెమ్మదిగా ఉండి, మెత్తని ఒండ్రు నిలుస్తుంది. మొగల ముందరి ఇసుక మేటల్లో అలలు ఆ మెత్తని రేణువులను నిలవనివ్వవు. కర్బనం శాతం మాత్రమే చూస్తే మెత్తని బురద ధనికురాలు, ఇసుక పేదది. కానీ ఇసుక గుండా ప్రతి పోటుకూ కొత్త నీరు పారుతుంది, దానితో తాజా శైవలాలూ ఆక్సిజనూ అందుతాయి. ఇసుకలో ఉన్న కొద్దిపాటి తిండి వేగంగా చేతులు మారుతుంది. కర్బనం శాతం తక్కువ కనుక అక్కడ పనేమీ జరగడం లేదనుకోవడం పొరపాటు. అందుకే ఎంజైము చర్యను గ్రాము బురదకు ఎంత అనే కాక, గ్రాము సేంద్రియ కర్బనానికి ఎంత అని కూడా లెక్కించాలి. రెండో అంకె లేని పట్టికను చూసినప్పుడల్లా నాకు సగం మాట విన్నట్టే ఉంటుంది.

వరద కాలానికీ ఎండాకాలానికీ తేడా ఏమిటి?

ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గోదావరికి రెండు జీవితాలున్నాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా వరద దిగుతున్నప్పుడు మొగల దాకా దాదాపు మంచినీరే ఉంటుంది. మిగిలిన కాలంలో బ్యారేజీ నుంచి కిందికి వదిలే నీరు చాలా తగ్గిపోయి, పోటుతో పాటు ఉప్పునీరు పాయల్లోకి ఎగబాకుతుంది.

వరదలో నేల మూలమైన పదార్థం గుట్టలుగా వచ్చి పడుతుంది. నీరు మట్టితో చిక్కగా ఉండడం వల్ల వెలుతురు లోపలికి దిగక శైవలాలు పెరగవు, బ్యాక్టీరియా మాత్రం వచ్చిన తిండిని తింటూ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూనే ఉంటుంది. భారీ ప్రవాహపు రోజుల్లో గోదావరి మొగ నీటిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం గాలిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఉంటుందని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు చూపించారు. వరద తగ్గి నీరు తేరుకున్నాక శైవలాలు విజృంభిస్తాయి, బురద మీద తాజా తిండి పడుతుంది. ఎండాకాలంలో ఉప్పు పెరిగి, సల్ఫేట్ కూడా దానితోనే పెరిగి, సల్ఫైడ్ దారి బలపడుతుంది. సల్ఫైడ్ ఇనుమును లాగేసుకున్నప్పుడు, అంతవరకు ఇనుముకు అంటుకుని ఉన్న ఫాస్ఫేట్ నీటిలోకి వస్తుంది. ఫాస్ఫేట్ సులువుగా దొరికితే సూక్ష్మజీవులు ఫాస్ఫటేజ్ తయారీని తగ్గించుకుంటాయి. కాబట్టి మే నెలలో ఫాస్ఫటేజ్ తక్కువగా కనిపిస్తే బురద నీరసించిందని అనుకోకుండా, ముందు ఫాస్ఫేట్‌ను కొలిచి చూడాలి.

సంవత్సరానికి ఒక్కసారి నమూనా తీసి గోదావరి మొగ గురించి మాట్లాడటం కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నమూనాను ఎలా తీయాలి, ఎలా భద్రపరచాలి?

ఆటు మొదలైన తరువాత, నీరు గట్టు నుంచి దిగగానే తీయడం మేలు. గొట్టంతో తీసిన మట్టి కడ్డీని పైనుంచి ఒక్కో సెంటీమీటరు చొప్పున ప్లాస్టిక్ పలకతో కోసి, గాలి లేకుండా సంచుల్లో మూసి, వెంటనే ఐసులో పెట్టాలి. పారతో ఎత్తిన ముద్దలో గోధుమ పొరా నల్ల పొరా కలిసిపోతాయి. వాటి సగటుకు ఏ అర్థమూ ఉండదు. ఎంజైము పరీక్షను వీలైనంత త్వరగా, మంచిదేమిటంటే మర్నాటిలోగా, ఎండబెట్టని తడి బురద మీదే చేయాలి. గడ్డకట్టిస్తే కణాలు పగిలి లోపలి ఎంజైములు బయటపడతాయి.

ఒక మే నెలలో పడవలో నా ఐసు పెట్టె మూత సరిగా పడలేదు. మధ్యాహ్నానికి ఐసంతా కరిగి సంచులు గోరువెచ్చగా తగిలాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది కనుక, ఆ కొద్ది గంటల్లో బురద తన తిండిని తాను చాలావరకు తినేసింది. ఆ నెల అంకెలన్నిటినీ పట్టిక నుంచి తీసేయవలసి వచ్చింది. ఏడాది శ్రమలో ఆ ఒక్క గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మామూలు మట్టి పరీక్ష పద్ధతిలో ఈ బురదలోని సేంద్రియ కర్బనాన్ని కొలవవచ్చా?

కొలవవచ్చు, కానీ ఉప్పును లెక్కలోకి తీసుకోకపోతే అంకె తప్పుతుంది. మట్టి పరీక్షా కేంద్రాల్లో ఎక్కువగా వాడేది 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతి. పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి సేంద్రియ కర్బనాన్ని ఆక్సీకరించి, మిగిలిన డైక్రోమేట్‌ను ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు, అంటే చుక్కచుక్కగా పోసి ఎంత మిగిలిందో లెక్కిస్తారు. వరి మట్టికి ఇది బాగానే పనిచేస్తుంది. మొగ బురదలో మాత్రం డైక్రోమేట్‌ను కర్బనమే కాక ఉప్పులోని క్లోరైడ్, నల్ల పొరలోని సల్ఫైడ్, కరిగే ఇనుము కూడా వాడుకుంటాయి. ఫలితంగా లేని కర్బనం ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగు క్లోరైడ్‌లు ఒక కర్బన పరమాణువంత డైక్రోమేట్‌ను తింటాయి కనుక, బురదలోని క్లోరైడ్ శాతంలో పన్నెండో వంతును వచ్చిన కర్బనం శాతం నుంచి తీసివేయడం ఒక సవరణ. ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలిపి క్లోరైడ్‌ను పట్టేయడం ఇంకొకటి. సల్ఫైడ్ బాధ తగ్గడానికి పరీక్షకు ముందు మట్టిని గాలిలో ఆరబెట్టి పొడి చేస్తారు. ఈ పద్ధతి కర్బనాన్నంతటినీ ఆక్సీకరించలేదు, సగటున 77 శాతం వరకే పట్టుకుంటుంది. అందుకే 1.3తో హెచ్చిస్తారు. ఆ 77 శాతం అన్ని మట్టులకూ ఒకటే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మట్టిని 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి బరువు తగ్గుదలను చూసే పద్ధతి చౌకైనది. కానీ స్మెక్టైట్ తన నిర్మాణంలోని నీటిని కూడా ఆ వేడికి వదిలేస్తుంది కనుక, నల్లరేగడి ఒండ్రులో ఆ అంకె ఎక్కువగా చూపిస్తుంది. వీలున్నవారు గుల్లల సున్నాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తొలగించి, కర్బనం, హైడ్రోజన్, నత్రజనులను కొలిచే సీహెచ్ఎన్ ఎనలైజర్‌లో కొలిపించుకోవడం ఉత్తమం. కర్బనాన్ని 1.724తో హెచ్చించి సేంద్రియ పదార్థంగా రాసే అలవాటును మొగ బురద విషయంలో మానుకుంటే మంచిది. కర్బనం అంకెనే నేరుగా రాస్తే చాలు.

ఎంజైము చర్యను ఎలా కొలుస్తారు?

ఎంజైము తెంపవలసిన పదార్థానికి ఒక రంగు అణువునో మెరిసే అణువునో తగిలించి బురదకు అందిస్తారు. పారా నైట్రోఫినాల్ తగిలించినదైతే తెగినకొద్దీ ద్రావణం పసుపెక్కుతుంది. మిథైల్ అంబెల్లిఫెరోన్ తగిలించినదైతే, తెగిన తరువాత 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కింద నీలంగా మెరుస్తుంది. చీకటి గదిలో సీసాల వరుస మీద ఆ దీపాన్ని జరిపినప్పుడు, పై పొర బురద వేసిన సీసా నీలిమంటలా వెలుగుతూ, లోతుకు పోయినకొద్దీ ఆ వెలుగు సన్నగిల్లడం కంటితోనే కనిపిస్తుంది. డీహైడ్రోజినేజ్‌కు వాడే టెట్రజోలియం లవణం ఎర్రటి ఫార్మజాన్‌గా మారుతుంది.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. బురద కొంత వెలుగును తానే మింగేస్తుంది కనుక, ప్రమాణ ద్రావణాన్ని శుభ్రమైన నీటిలో కాక అదే బురద కలిపిన నీటిలో తయారుచేయాలి. కాచి చంపిన బురదతో సమాంతరంగా ఒక సీసా ఉంచి, ఎంజైము లేకుండానే తెగిన భాగాన్ని తీసివేయాలి. ఇక మూడోది, పరీక్షలో అధస్థ పదార్థాన్ని, అంటే ఎంజైము తెంపవలసిన పదార్థాన్ని, పుష్కలంగా ఇస్తాం కనుక మనకు వచ్చేది బురద చేయగలిగిన గరిష్ఠ వేగం మాత్రమే. నిజంగా మడ అడవిలో ఆ రోజు జరిగిన వేగం కాదు. ఈ తేడాను చెప్పకుండా రాసిన నివేదికలు చదివేవారిని తప్పుదారి పట్టిస్తాయి.

మడ చెట్లు, పీతలు ఈ పనిలో ఏం చేస్తాయి?

చాలా చేస్తాయి. మడ చెట్లు పైకి పొడిచిన శ్వాసవేళ్ళ ద్వారా లోపలికి గాలిని పంపుతాయి. కొంత ఆక్సిజన్ సన్నని వేళ్ళ కొసల నుంచి బురదలోకి కారుతుంది. మట్టి కడ్డీలో వేరు చుట్టూ కనిపించే తుప్పు వలయం దాని గుర్తే. వేళ్ళు చక్కెరలను, అమైనో ఆమ్లాలను కూడా వదులుతాయి కనుక, ఆ వలయంలో ఎంజైముల చర్య పక్కనున్న ఉత్త బురదకంటే సాధారణంగా ఎక్కువ.

ఒంటి డెక్క పెద్దదిగా ఉండే చిన్న పీతలు తవ్విన కన్నాలు, ప్రతి పోటుకూ ఆక్సిజన్ ఉన్న నీటిని అడుగు పొరలకు చేరుస్తాయి. ఇంకొన్ని పీతలు రాలిన ఆకులను కన్నాల్లోకి లాక్కుపోయి తుంచి తింటాయి. లేకపోతే ఆ ఆకులు ఆటుతో పాటు సముద్రంలోకి పోయేవే. కన్నం గోడ ఒక్కొక్కసారి పై పొరకంటే చురుకుగా పనిచేస్తుంది.

పోటు నీరు అందని చోట ఇదంతా తలకిందులవుతుంది. నీరు ఆవిరై ఉప్పు పేరుకుపోయిన పర్ర నేలల్లో మడ మొలవదు, పీత ఉండదు, బురద గట్టిపడి చాలావరకు మూగబోతుంది. 1990ల నుంచి అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీటిని లోపలికి రప్పించి మడ మొక్కలను నాటించాయి. అక్కడ మొక్క బతకడానికి ముందు నేలకు నీటి రాకపోకలు కావలసి వచ్చాయి.

రొయ్యల చెరువుల నీరు కాలువల్లోకి వదిలితే ఏమవుతుంది?

రొయ్యల మేతలో సుమారు మూడో వంతు మాంసకృత్తులే. మేతలోని నత్రజనిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే రొయ్య దేహంలో చేరుతుంది. మిగిలింది నీటిలోనూ అడుగు మట్టిలోనూ ఉంటుంది. చెరువు కోసి నీరు వదిలినప్పుడు, ముఖ్యంగా చివరి అడుగున్నర నీటితో కొట్టుకొచ్చే అడుగు మట్టి, మడ కాలువ బురద మీద ఒక్కసారిగా పరుచుకుంటుంది. అది సులువుగా జీర్ణమయ్యే తిండి. పెప్టిడేజ్, ఫాస్ఫటేజ్ చర్యలు వెంటనే ఎగబాకుతాయి, ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, నల్ల పొర ఉపరితలం దాకా వస్తుంది. గోధుమ పొర మాయమైన చోట పీతలు పైకెక్కి తిరగడం, గుల్లలు నోరు తెరిచి ఉండటం కాలువ పక్కన ఉండేవారు చూసే ఉంటారు.

ఆ నీటిని నేరుగా వదలకుండా ఒక నిలవ చెరువులో కొద్ది రోజులు తేరనిచ్చి, పై నీటినే వదలడం, అడుగు మట్టిని కాలువలో కాక గట్టు మీద ఎండబెట్టడం చేతిలో ఉన్న పని. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చినప్పటి నుంచీ వ్యర్థ జలాల శుద్ధి నిబంధనలలో భాగమే. రైతులకు ఇది ఖర్చేనని నాకు తెలుసు. కానీ పక్క చెరువులోకి మోటారు తోడేది కూడా అదే కాలువ నీరు.

ఎంజైము చర్య ఎక్కువగా ఉంటే బురద ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

కాదు. మురుగు పడిన బురదలోనూ, వేళ్ళతో నిండిన మడ బురదలోనూ ఎక్కువే కనిపించవచ్చు. ఏ ఎంజైము ఎక్కువగా ఉంది, పై పొర గోధుమ రంగులో ఉందా లేదా, కర్బన నత్రజనుల నిష్పత్తి ఎంత అన్నవి కలిపి చూసినప్పుడే ఆ అంకె మాట్లాడుతుంది. ఇక చర్య మరీ తక్కువగా ఉంటే ఉప్పు పేరుకోవడమో, రాగి వంటి లోహాల విషమో కారణమా అని వెతకాలి.

నది ఒండ్రు తగ్గిపోవడం ఈ బురద మీద ప్రభావం చూపుతుందా?

చూపుతుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కంటే, 20వ శతాబ్దం రెండో సగంలో ఎగువన కట్టిన పెద్ద జలాశయాలే ఒండ్రును ఎక్కువగా ఆపాయి. 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు సగానికంటే తక్కువకు పడిపోయింది. డెల్టా అంచు కోతకు గురవుతున్న చోట, పాతబడి పూడిన బురద మళ్ళీ అలలకు లేచి ఆక్సిజన్‌ను చూస్తుంది, దాచుకున్న కర్బనం మళ్ళీ తిండిగా మారుతుంది. కొత్త ఒండ్రు వేగంగా కప్పేస్తున్నంత కాలం కర్బనం పూడుతుంది. కప్పడం ఆగితే అది బయటపడుతుంది. ఇనుము, బంకమట్టి తక్కువగా వస్తే తాళం వేసే చేతులు కూడా తగ్గినట్టే.

కళాశాలలో ఖరీదైన పరికరాలు లేకుండా ఏ ప్రయోగం చేయవచ్చు?

నూలు గుడ్డ ప్రయోగం నాకు చాలా ఇష్టం. నూలు దాదాపు శుద్ధమైన సెల్యులోజ్. రంగు వేయని, ఉతికి గంజి తీసేసిన నూలు గుడ్డను ఒకే వెడల్పు పట్టీలుగా కోసి, కొన్నిటిని మడ వేళ్ళ మధ్య, కొన్నిటిని ఉత్త బురదలో, కొన్నిటిని ఉప్పు పర్రలో, ఐదు సెంటీమీటర్ల లోతున ఒకటి, ఇరవై సెంటీమీటర్ల లోతున ఒకటి చొప్పున పాతాలి. పాతిన చోట వెదురు పుల్లకు నైలాన్ దారం కట్టి గుర్తుంచుకోవాలి. మూడు నాలుగు వారాల తరువాత తీసి, మెల్లగా కడిగి, నీడలో ఆరబెట్టి, ఒక కొసకు చిన్న బకెట్టు కట్టి, తెగేదాకా అందులో కొలిచిన నీళ్ళు పోయాలి. పాతని పట్టీ మోసిన నీటితో పోలిస్తే, సెల్యులోజ్‌ను తెంపే ఎంజైములు ఎక్కడ ఎంత పని చేశాయో లీటర్లలో తేలుతుంది. ఒక్కో చోట కనీసం ఐదేసి పట్టీలు పెట్టాలి. ఒకటి రెండు పీతల పాలవుతాయి.

రెండో ప్రయోగం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ది. మందుల దుకాణంలో దొరికే 3 శాతం ద్రావణాన్ని చెంచాడు బురద మీద పోస్తే బుడగలు వస్తాయి. అందులో కొంత, పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ అనే సూక్ష్మజీవుల ఎంజైము పని, కొంత మాంగనీస్, ఇనుము పని. అదే బురదను కాచి చల్లార్చి మళ్ళీ పోసి, తగ్గిన నురగను కొలిస్తే ఎంజైము వాటా ఎంతో సుమారుగా తెలుస్తుంది.

కోరంగి అభయారణ్యంలో నమూనాలు తీయడానికి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఆటుపోట్ల వేళలు తెలిసిన స్థానిక మత్స్యకారుడు లేకుండా కాలువల్లోకి దిగవద్దు. తిల్ల కొమ్మలను విరవకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.